ముందటి యజమాని బిగించిన ఫ్యూయల్ ట్యూనర్: కేసు పడితే ఎవరి మీద?

ప్రశ్న: 2021లో రిజిస్టరైన 650 సీసీ బైకును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆర్సీ నా పేరు మీదికి మారింది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) ఉన్న పైపు తీసేసి ఫ్రీ ఫ్లో సైలెన్సర్, ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టారు. పెట్రోలు ఎంత వెళ్లాలో దానంతటదే సరిచేసుకునే ఆటో ట్యూనర్ కూడా ఉంది. ఇవన్నీ ముందటి యజమాని చేయించినవే. పొల్యూషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉంది. ఇది నేరమా? పట్టుకుంటే శిక్ష నాకా, ఆయనకా? ఇన్సూరెన్స్ వస్తుందా? ట్యూనర్ ఉంచుకోవచ్చా?

జవాబు: ట్యూనర్ కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. బైకు మీరు చెప్పిన స్థితిలో రోడ్డెక్కితే మాత్రం కేసుకు అవకాశం ఉంది, నడిపేది మీరు కాబట్టి ఆ కేసు ముందు మీ మీదే వస్తుంది. కారణం తెలియాలంటే మూడు సెక్షన్లను విడివిడిగా చూడాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక అప్పీలులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా చదివింది. అయితే అదే సెక్షన్ కింద ఉన్న వివరణలో, 'మార్పు' అంటే వాహనం మౌలిక లక్షణం మారేలా నిర్మాణంలో చేసిన మార్పు అని ఉంది. వైరింగ్‌కు తగిలించిన చిన్న పెట్టె నిర్మాణాన్ని మార్చదు, ఆర్సీలోని ఏ గడినీ తాకదు. ఒక్క ట్యూనర్ మీదే కేసు పెడితే ఈ వాదనకు బలం ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన బైకు విషయంలో ఆ బలం చాలావరకు తగ్గిపోతుంది. ఎందుకంటే ఆ మోడల్‌కు టైప్ అప్రూవల్ (నమూనాను పరీక్షించి ఇచ్చే అధికారిక ఆమోదం) వచ్చిందే ఆ కన్వర్టర్‌తో కలిపి.

రెండోది సెక్షన్ 182ఏ, ఉపసెక్షన్ 4. ఇది 2019 సవరణతో వచ్చింది. చట్టం అనుమతించని విధంగా వాహనాన్ని మార్చిన యజమానికి, విడిభాగాలు అమర్చినా సరే, ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గమనించండి. పైపు, ఫిల్టర్, ట్యూనర్‌ను మూడుగా లెక్కగట్టవచ్చు. ఇక్కడ మీకు ఒక ఊరట ఉంది. మార్చిన యజమానికే ఈ శిక్ష. మార్పులు మీరు కొనకముందే జరిగాయని చూపగలిగితే ఈ సెక్షన్ మీకు అంటుకోవడం కష్టం. బైకు చేతికొచ్చిన రోజు ఫోటోలు, అమ్మకం ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ, ముందటి యజమాని పేరున్న బిగింపు బిల్లు ఇందుకు పనికొస్తాయి. కొన్న తర్వాత మీరే ట్యూనర్‌లో కొత్త మ్యాపు (ఎప్పుడు ఎంత పెట్రోలు వెళ్లాలో చెప్పే పట్టిక) ఎక్కించినా, ఇంకో పైపు పెట్టినా ఈ ఊరట పోయినట్టే.

మూడోది సెక్షన్ 190, ఉపసెక్షన్ 2. మీకు అసలు చిక్కు ఇక్కడే. రహదారి భద్రత, శబ్దం, వాయు కాలుష్యాల ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడిపినా, నడపనిచ్చినా శిక్షే. మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు అనర్హత. ఎవరు మార్చారన్న ప్రశ్న ఈ సెక్షన్‌లో లేదు. అందుకే 'నేను కొనేటప్పటికే అలా ఉంది' అన్న జవాబు ఇక్కడ అక్కరకు రాదు. తమ్ముడికి తాళం ఇచ్చి పంపినా, నడపనిచ్చినందుకు మీరూ బాధ్యులే.

ఇక పొల్యూషన్ సర్టిఫికెట్. మీలాగే చాలామంది దాన్నే కవచం అనుకుంటారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 115 కింద చేసే పరీక్షలో బైకును ఐడ్లింగ్‌లో ఉంచి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్ల పీపీఎం కొలుస్తారు. బండి కదలదు, ఇంజిన్ మీద లోడు పడదు. ట్యూనర్ ఐడ్లింగ్‌లో గాలి, పెట్రోలు నిష్పత్తిని 14.7 దగ్గర (బరువులో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి) పట్టి ఉంచి, థ్రాటిల్ తిప్పగానే 13కు దించేలా, అంటే పెట్రోలు పాలు పెంచేలా, సెట్ చేసి ఉండవచ్చు. పరీక్ష యంత్రానికి ఆ రెండో అంకె కనబడదు. కాబట్టి ఆ సర్టిఫికెట్ ఆ రోజు ఐడ్లింగ్ పొగ పరిమితిలో ఉందని మాత్రమే రుజువు చేస్తుంది. బైకు తయారీదారు ప్రమాణాలకు తగ్గట్టు ఉందని ఎక్కడా చెప్పదు. అయినా దాన్ని తప్పకుండా దగ్గర పెట్టుకోండి, అది లేకపోవడం వేరే కేసు.

ట్యూనర్ పని తీరు మీద ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వాదన చివరికి అక్కడికే వెళ్తుంది. కంపెనీ ఇచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సార్ మిశ్రమం 14.7కు అటో ఇటో మాత్రమే చెబుతుంది. కన్వర్టర్ బాగా పనిచేసేదీ ఆ సన్నని పరిధిలోనే. ఆటో ట్యూనర్ వైడ్‌బ్యాండ్ సెన్సార్‌తో అసలు నిష్పత్తిని కొలిచి, తనకిచ్చిన టార్గెట్ వైపు ఇంజెక్టర్ తెరిచే సమయాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. అంటే అది చట్టం పెట్టిన పరిమితికి కట్టుబడదు, ఎవరో టైపు చేసిన టార్గెట్‌కు కట్టుబడుతుంది. పవర్ కోసం ఆ టార్గెట్‌ను 13 పెడితే, కన్వర్టర్ లేని పైపులోంచి కార్బన్ మోనాక్సైడ్ నేరుగా బయటికొస్తుంది.

వాడిన బైకులో ఇంకో చిక్కు ఉంది. సెన్సార్‌కు ముందు పైపు గ్యాస్కెట్ లీకైతే బయటి గాలి లోపలికి వస్తుంది, సెన్సార్ పెట్రోలు తక్కువైందని చదువుతుంది, ట్యూనర్ పోస్తూ పోతుంది. మిస్‌ఫైర్ అయినా అంతే, మండని ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు తక్కువనుకుంటుంది. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, పొగ వాసన వస్తుంది. ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) పోసినప్పుడు ఈ10తో పోలిస్తే సుమారు 4 శాతం ఎక్కువ ఇంధనం కావాలి, ట్యూనర్ అది చేర్చడం లోపం కాదు. ట్రిమ్‌లు (ట్యూనర్ పెట్రోలులో చేసే దిద్దుబాట్లు) 10 శాతం దాటి ఒకే దిక్కుకు పోతుంటే మాత్రం మ్యాపును దిద్దకుండా లీకు, వాల్వ్ క్లియరెన్స్, ఫ్యూయల్ ప్రెషర్ చూపించండి. మెకానిక్ రాసిచ్చిన ఆ బిల్లు రేపు కోర్టులో మీ సదుద్దేశానికి సాక్ష్యం.

బాక్సు మీద 'స్ట్రీట్ లీగల్' అని, కాలిఫోర్నియా వాయు మండలి ఆమోద సంఖ్య అని ఉంటే దాన్ని నమ్మి ఉండిపోకండి. ఆ ఆమోదం అక్కడి వాహనాలకు, పేర్కొన్న మోడళ్లకు. మన నిబంధనల్లో సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లకు టైప్ అప్రూవల్, ఆర్సీలో నమోదు అనే దారి ఉంది. ఫ్యూయల్ ట్యూనర్‌కు అలాంటి దారి వేయలేదు. కాబట్టి ఆర్టీఓ దగ్గర దరఖాస్తు పెట్టి దీన్ని ఎక్కించుకుందామనుకుంటే కుదరదు.

ఇన్సూరెన్స్ సంగతికొస్తే, ముందు పాలసీ మీ పేరు మీద ఉందో లేదో ఈ రోజే చూడండి. బైకు బదిలీ అయినప్పుడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157 కింద పాలసీ కూడా బదిలీ అయినట్టు భావిస్తారు గానీ, సుప్రీంకోర్టు 1995లోనే అది థర్డ్ పార్టీ బాధ్యతకే అని తేల్చింది. మీ సొంత బండి నష్టానికి పాలసీ మీ పేరుకు మారి ఉండాల్సిందే, బదిలీ తేదీ నుంచి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. పేరు మార్చే ఆ దరఖాస్తులోనే మార్పులన్నీ రాయండి. ఎలక్ట్రానిక్ అమరికలకు ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు నిబంధన) ఉంది, అదనపు ప్రీమియంతో వాటి విలువను చేర్చుకోవచ్చు. అయితే అది వస్తువు విలువకు రక్షణ, మార్పును చట్టబద్ధం చేయదు. చెప్పకుండా దాచి క్లెయిము పెడితే ముఖ్య విషయం దాచారని కంపెనీ తిరస్కరిస్తుంది. దొంగతనం లాంటి, మార్పుతో సంబంధం లేని నష్టంలో పోరాడే వీలుంది. షరతు ఉల్లంఘనకూ నష్టానికీ సంబంధం లేనప్పుడు క్లెయిమును పూర్తిగా కొట్టేయకూడదని 2008లో సుప్రీంకోర్టు ఒక కారు దొంగతనం కేసులో 75 శాతం ఇప్పించింది. ట్రాక్ మీద రేసుకు, స్పీడ్ టెస్టింగ్‌కు వాడితే మామూలు పాలసీ అసలు వర్తించదు.

ప్రమాదమంటూ జరిగితే ట్యూనర్ మెమరీలోని లాగ్‌ను ఎవరి సలహా మీదా చెరపకండి. అందులో థ్రాటిల్, ఆర్‌పీఎం ఉంటాయి. అది భారతీయ సాక్ష్య అధినియమం, 2023 ప్రకారం సర్టిఫికెట్‌తో దాఖలు చేయదగ్గ ఎలక్ట్రానిక్ రికార్డు. చెరిపితే సాక్ష్యం నాశనం చేశారన్న కొత్త నేరం నెత్తికెత్తుకున్నట్టే.

అమ్మిన వ్యక్తి మీద దావా వేయవచ్చా? కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో ఒక మినహాయింపు ఉంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలున్నా చూసుకోకపోతే, అవతలి వాడి మౌనం కారణంగా ఒప్పందం రద్దు చేసుకోలేరు. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది. దాని మీద గెలవడం కష్టం. ఈసీయూలో (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌లో) దాగున్న మ్యాపు అలా కాదు, 'ఇంజిన్ పూర్తిగా స్టాక్', అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉంది అని ఆయన రాసిచ్చి ఉంటే మీ కేసు బలంగా నిలబడుతుంది. వ్యక్తి అమ్మితే సివిల్ కోర్టు, గడువు మూడేళ్లు. వాడిన వాహనాల డీలరు దగ్గర కొంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, గడువు రెండేళ్లు.

ఆఖరి ప్రశ్న, ట్యూనర్ ఉంచుకోవచ్చా అని. రోడ్డు మీద తిరిగే బైకు మీద వద్దంటాను. కన్వర్టర్ ఉన్న ఒరిజినల్ పైపు, ఎయిర్ ఫిల్టర్ ముందటి యజమాని దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి, చాలామంది పారేయరు. ట్యూనర్ ఏ రకమో చూడండి. వైరింగ్ మధ్యలో తగిలించే పిగ్గీబ్యాక్ అయితే కనెక్టర్లు విప్పి, కంపెనీ ఆక్సిజన్ సెన్సార్‌కు బదులు ఎలిమినేటర్ ప్లగ్గు (ఆ సెన్సార్ ఉన్నట్టు ఈసీయూను నమ్మించేది) ఉంటే తీసేసి, సెన్సార్‌ను దాని చోట పెడితే చాలు. ఈసీయూలో మ్యాపు తిరగరాసే ఫ్లాష్ రకం అయితే పెట్టె పీకేసినా మార్చిన మ్యాపు లోపలే ఉంటుంది. అలాంటివి సాధారణంగా ఒక బండికి లాక్ అయి ఉంటాయి, స్టాక్ మ్యాపు బ్యాకప్ ఆ పరికరంలోనే ఉంటుంది కాబట్టి పరికరాన్ని కూడా అడిగి తీసుకోండి. దొరకకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్లో స్టాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించమని రాతపూర్వకంగా అడగండి. వైడ్‌బ్యాండ్ సెన్సార్‌ను పైపులో వదిలేసి కరెంటు మాత్రం తీసేయకండి, హీటర్ లేకుండా పొగ తగిలితే అది పాడవుతుంది. దాన్ని తీసేసి ఆ రంధ్రానికి బిరడా బిగించండి. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక కొత్తగా పొల్యూషన్ పరీక్ష చేయించి, ముందటి సర్టిఫికెట్‌లోని అంకెలతో పోల్చుకోండి. కన్వర్టర్ తిరిగి పెట్టాక కార్బన్ మోనాక్సైడ్ అంకె తగ్గకపోతే మార్చిన మ్యాపు ఇంకా లోపలే ఉందేమోనని మొదట అనుమానించాలి.