ప్రాణాపాయం తప్పింది అన్న తర్వాత

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. క్యాజువాలిటీ బయట ఆ తల్లి, ఆత్మహత్యాయత్నం చేసిన కూతురి చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం బాగుంది. అయితే డాక్టరు బయటికొచ్చి "ప్రాణాపాయం తప్పింది" అనగానే కథ ఆపేశావు. విలేకరిగా ఉన్నప్పుడు నేనూ అక్కడే ఆపేవాణ్ని. "కడుపునొప్పి తాళలేక" అని మొదలుపెట్టి "చికిత్స పొందుతోంది" అని ముగించిన నాలుగు లైన్ల వార్తలు ఎన్ని రాశానో! ఇన్ని కడుపునొప్పులు ఎక్కడివని ఒక్కనాడూ అడగలేదు. పోలీసు కేసు భయంతో ఇంటివాళ్లు చెప్పే మాట అది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఆ పాత సెక్షన్ 309 ఇప్పుడు లేదు, 2024 జులైలో అమల్లోకొచ్చిన న్యాయ సంహితలో దాన్ని వదిలేశారు. కడుపునొప్పి మాత్రం పేపర్లలో ఇంకా తగ్గలేదు.

నేను అలా వార్త రాసిన ఒకావిడ రెండేళ్లకు అదే ఆస్పత్రి ఓపీలో కనబడింది. పాదాలు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పాత డిశ్చార్జి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చుకుంది. అది చూసి కుర్చీలో ఉన్న కుర్ర డాక్టరు, "మళ్లీ ఏం చేసుకున్నావమ్మా?" అన్నాడు. బీపీ మిషను బల్ల మీదే ఉంది, పట్టీ మాత్రం ఆవిడ చేతికి చుట్టలేదు. కాగితం మళ్లీ కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

నీ కథ అక్కడ మొదలవ్వాలి.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, మాంచెస్టర్, డెర్బీ ఆస్పత్రులకు 2000 నుంచి 2007 దాకా తమకు తామే హాని చేసుకుని వచ్చిన 30 వేల పైచిలుకు మందిని 2009 చివరిదాకా గమనించారు. ఫలితాలు 2012లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి. 1,832 మంది పోయారు. అందరూ ఆత్మహత్యతోనే పోయారనుకుంటాం కదా? కాదు. గుండె, రక్తనాళాల జబ్బులు, మద్యంతో వచ్చే జీర్ణకోశ వ్యాధులు కూడా మామూలు జనంలో కంటే కొన్ని రెట్లు ఎక్కువగా పట్టుకెళ్లాయి. జబ్బుతో పోయినవాళ్లు సగటున పాతికేళ్లు ముందే పోయారు. పేదపేటల వాళ్లలో ఈ చావులు ఇంకా ఎక్కువ. తాగుడు, పొగ, లేమి, సరిగ్గా అందని వైద్యం అన్నీ కలిసి మెల్లగా తినేస్తాయి. మెల్లగా జరిగేదాన్ని రాయడం కష్టం, అందుకే మనం క్యాజువాలిటీ దగ్గర ఆగిపోతాం.

ఎలా చేసుకుందో మాత్రం రాయకు. నీ రెండో పేజీలో ఆ నాలుగు వాక్యాలూ కొట్టెయ్. "విఫలయత్నం" అనే మాట కూడా తీసెయ్, బతికి బయటపడటం వైఫల్యమెలా అవుతుంది?

ఇంకో సంగతి. చెన్నైతో కలిపి ఐదు దేశాల్లోని ఐదుచోట్ల, ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రికొచ్చిన 1,867 మందితో ఒక ప్రయోగం చేశారు. సగంమందికి మామూలు వైద్యంతో పాటు ఒక గంట కూర్చుని మాట్లాడారు, ఆపైన ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికెళ్లో పలకరించారు. వాళ్లలో ఆత్మహత్యతో పోయినవాళ్లు వెయ్యికి ఇద్దరు. ఆ పలకరింపు లేనివాళ్లలో వెయ్యికి 22 మంది. నీ కథలో ఆ అమ్మాయికి తొమ్మిదోసారి ఫోన్ చేసేది ఎవరు? మేనత్తా? ఏఎన్ఎమ్మా?

రాస్తుంటే నీకే మనసు బరువెక్కితే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు. నాకు చేసినా సరే, రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను.

తిరగరాసి పంపు. చెప్పులు అలాగే ఉంచు.

మీ అన్నయ్య