సర్వర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే, మదర్‌బోర్డు మార్చే ముందు

మదర్‌బోర్డు ఇప్పుడే కొనకండి. సర్వర్ రాత్రిపూట దానంతటదే రీస్టార్ట్ అవుతోందని, లినక్స్ లాగ్‌లో ఏమీ కనబడటం లేదని, పవర్ సప్లై మార్చినా తగ్గలేదని రాశారు. లాగ్‌లో ఏమీ లేకపోవడం కూడా ఒక ఆధారమే. కెర్నల్ (లినక్స్ మూల భాగం) కుప్పకూలితే చాలాసార్లు ఏదో ఒక జాడ మిగులుతుంది. మామూలు సందేశాలు నడుస్తూ నడుస్తూ తెగిపోయి, ఆ తర్వాతి వరుస నేరుగా బూట్ సందేశమైతే, నాకు ముందు హార్డ్‌వేర్ మీదే అనుమానం వస్తుంది.

ఎన్నో ఏళ్లుగా సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. ఇలాంటప్పుడు నేను మొదట తెరిచేది బీఎంసీ లాగ్. మదర్‌బోర్డు మీద విడిగా ఉండే చిన్న కంట్రోలర్ అది. సర్వర్ ఆపేసినా, కరెంటు అందుతున్నంతసేపు పనిచేస్తూనే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు రాసుకునే వ్యవధి దొరకని సంఘటనలు కూడా అందులో ఉంటాయి. ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌తో గానీ బీఎంసీ వెబ్ పేజీలో గానీ సిస్టమ్ ఈవెంట్ లాగ్ చూడండి. దాని గడియారం తరచుగా యూటీసీలో, అంటే మన సమయంలో కాకుండా అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది. సమయాలు పోల్చేటప్పుడు ఆ తేడా లెక్కవేసుకోవాలి. లాగ్ నిండిపోతే కొన్ని యంత్రాలు కొత్తగా ఏమీ రాయవు. అలా నిండి ఉంటే పాతది ఫైల్‌లో దాచుకుని ఖాళీ చేయండి.

ఆ లాగ్‌లో బయటి కరెంటు పోయినట్టు ఉంటే యూపీఎస్, తీగలు చూడాలి. ఉష్ణోగ్రత హద్దు దాటినట్టు ఉంటే ఫ్యాన్లు, హీట్‌సింక్ చూడాలి. సరిదిద్దలేని ఈసీసీ (ర్యామ్‌లో తప్పులను పట్టి సరిచేసే ఏర్పాటు) లోపం అని ఉంటే ర్యామ్ వైపు వెళ్లాలి. మామూలు ఈసీసీ ఒక బిట్ తప్పితే సరిచేసుకుంటుంది. రెండు బిట్లు తప్పితే గుర్తించగలదు గానీ సరిచేయలేదు. అప్పుడు తప్పుడు డేటాతో నడిచే బదులు యంత్రం ఆగిపోతుంది. అందుకే సరిదిద్దిన లోపాల సంఖ్య పెరుగుతున్నా నేను ఊరుకోను. ఈ లోపాలను నమోదు చేసే రాస్‌డెమన్ అనే లినక్స్ ప్రోగ్రామ్ వేసి ఉంచితే అవి ఏ స్లాట్ నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. రాత్రిపూటే ఎందుకన్నది కూడా చూడండి. బ్యాకప్, రెయిడ్ (కలిపి వాడే డిస్కుల) తనిఖీ లాంటి బరువైన పనులు సాధారణంగా ఆ వేళకే పెడతారు. మీ క్రాన్ పట్టికను (నిర్ణీత వేళకు నడిచే పనుల జాబితాను) రీస్టార్ట్ సమయాల పక్కన పెట్టి చూడండి.

ఇక అసలు పరీక్ష. లోపం చూపిస్తున్న ర్యామ్ ముక్కను బాగున్న మరో స్లాట్‌లోని ముక్కతో తారుమారు చేయండి. ఆ ఒక్కటే, వేరే ఏదీ ముట్టుకోవద్దు. బ్యాకప్ సరిగా ఉందని ముందే చూసుకోండి, రెండు పవర్ తీగలూ తీసేయండి, చేతికి యాంటీస్టాటిక్ పట్టీ వేసుకోండి. లోపం ముక్క వెంట కొత్త స్లాట్‌కు వెళ్తే ముక్క పాడైనట్టే. పాత స్లాట్‌లోనే ఉండిపోతే కారణం స్లాట్, మదర్‌బోర్డు లేదా ప్రాసెసర్ వైపు ఉంది.

ఒక సర్వర్‌లో నాకు ఈ రెండోదే ఎదురైంది. ఏ ముక్క పెట్టినా లోపం అదే స్లాట్‌లో. ప్రాసెసర్ విప్పి, సాకెట్ మీద టార్చి వెలుగు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని చూశాను. పిన్నులన్నీ ఒకే తీరున మెరుస్తున్నాయి; ఒక అంచున ఒక్కటి మాత్రం పక్క పిన్ను మీదికి ఒరిగి ఉంది. పైనుంచి నిటారుగా చూస్తే అది కనబడదు. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి, సాకెట్‌లో ఒక్క పిన్ను సరిగా తగలకపోయినా మొత్తం మెమరీ ఛానల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి) దెబ్బతినవచ్చు. చూడగలిగారు కదా అని మీరు సూదితో సరిచేయబోకండి. ఆ పిన్నులు చాలా సున్నితం, వారంటీ కూడా పోవచ్చు.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒకసారి తప్పుల్లేకుండా పూర్తయిందని ర్యామ్‌ను వదిలేయవద్దు. ఈసీసీ లోపలే సరిచేసినవి దానికి కనబడకపోవచ్చు.

డిస్కులదీ ఇదే పద్ధతి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో 5వ నంబరు (మార్చిన పాడైన సెక్టార్లు), 197వ నంబరు (అనుమానంలో ఉన్న సెక్టార్లు) అంకెలు పెరుగుతుంటే డిస్కును అనుమానించండి. 199వ నంబరు (కేబుల్ మీద డేటా బదిలీలో తప్పులు) పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి. 199 తిరిగి సున్నాకు రాదు కాబట్టి, ఇప్పుడున్న అంకె కాదు, ఆ తర్వాత పెరుగుతోందా అన్నదే చూడాలి.

ఇప్పటికి బీఎంసీ లాగ్‌లో రీస్టార్ట్‌కు ముందువీ వెనకవీ నాలుగైదు వరుసలు ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ పెట్టండి, సర్వర్ మోడల్ కూడా రాయండి. స్లాట్ పేర్లు మోడల్‌ను బట్టి మారతాయి. ఏ ముక్క తీయాలో ఆ వరుసలు, మోడల్ చూస్తే చెప్పగలను.