పెరట్లోకి తెలియని జంతువు వస్తే

చిట్టితల్లికి,

రాత్రి పదకొండున్నరకి నువ్వు పంపిన వీడియో పొద్దున్నే లేచి చూశాను. మొత్తం పదకొండు సెకన్లు, అందులో ఎనిమిది నీ కేకలే. మిగిలిన మూడు సెకన్లలో ప్రహరీ గోడ మీద ఒక పొడుగాటి తోక, రెండు మెరిసే కళ్ళు. "పెదనాన్నా, చిరుతపులి పిల్లా?" అని అడిగావు. కాదమ్మా. గోడ వెడల్పుతో పోల్చి చూశాను, పెంపుడు పిల్లి కంటే కాస్త పెద్దది, అంతే. నడుము పొడవు, కాళ్ళు పొట్టి, తోక ఒంటితో సమానం. మానుపిల్లి, అంటే చెట్లెక్కి పళ్ళు తినే పునుగుపిల్లి జాతిది, అని నా అంచనా. ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, మిగతా సగం అల్లుడి గొంతులో కొట్టుకుపోతుంది. అందుకే రాసి పంపుతున్నాను.

ముందు ఆ కళ్ళ సంగతి. "నిప్పుల్లా మండుతున్నాయి" అన్నావు. రాత్రిపూట తిరిగే చాలా జంతువులకి కంటి వెనక వెలుతురుని తిప్పికొట్టే అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. నువ్వు టార్చ్ కొట్టావు, నీ వెలుతురే నీకు తిరిగొచ్చింది. దానికి కోపం వచ్చిందని కాదు. నిజానికి అంత వెలుతురు కళ్ళలో పడితే అది ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. నువ్వు లైటు వేసి "పోవడం లేదు, పోవడం లేదు" అని అరుస్తుంటే ఎలా పోతుంది?

ఇలాంటిది కనిపించినప్పుడు మొదటి పది నిమిషాలు చేయాల్సిన పని, ఏమీ చేయకపోవడం. పిల్లాణ్ణీ కుక్కనీ లోపలికి తీసుకో, తలుపు వేసెయ్, టార్చ్ ఆర్పెయ్. పెరటి గేటు తీయగలిగితే తీసి పెట్టు. నలుగురూ నాలుగు వైపులా కర్రలు పట్టుకుని నిలబడకండి. దారి మూసేసినప్పుడే జంతువు మీదకి వస్తుంది. నాకు తెలిసి ఇన్నేళ్ళలో కరిపించుకున్నవాళ్ళంతా దాన్ని పట్టుకోబోయినవాళ్ళో, మూలకి తరిమినవాళ్ళో. కిటికీ దగ్గర కూర్చుని చూసినవాళ్ళెవర్నీ అది కరవలేదు.

ఆ తర్వాత తేల్చుకోవాల్సింది ఒక్కటే: అది దారిన పోయేదా, మీ ఇంట్లోనే కాపురం పెట్టిందా, లేక ఇరుక్కుపోయిందా? పేరు తర్వాత తెలిసినా ఫరవాలేదు. దారిన పోయేదాన్ని పోనివ్వాలి, కాపురం పెట్టిన దాంతో ఓపిగ్గా వ్యవహరించాలి, ఇరుక్కున్నదానికి మాత్రమే సాయం కావాలి. జనం చేసే తప్పేమిటంటే, మూడింటికీ కర్రే మందు అనుకోవడం.

ఎలా తేల్చాలంటే, సాయంత్రం చీకటి పడబోయే ముందు గోడ దిగే చోట నేల చదును చేసి, జల్లెడతో పల్చగా పిండి చల్లు. మరీ మందంగా వద్దు, అడుగు దిగబడి ఆకారం చెదిరిపోతుంది. పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు చూడు, నడినెత్తి మీదకి వచ్చాక గుర్తులు కనిపించవు. పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి ఫోటో తియ్యి, సైజు తెలుస్తుంది. కుక్క అడుగులో నాలుగు వేళ్ళు, వాటి ముందు గోళ్ళ చుక్కలు ఉంటాయి. పిల్లికీ నాలుగే, కానీ నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి చుక్కలు పడవు. మానుపిల్లికి ఐదు వేళ్ళు. అడుగులు ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు పోయుంటే దారిన పోయేదే. రోజూ ఒకే మూలకి, ఒకే గొట్టం పక్కకి పోతుంటే మాత్రం ఒకసారి తలెత్తి మీ చూరు వైపు చూడు.

గోడ మీద రెట్టలో గింజలు గింజలుగా కనిపించినా అది మానుపిల్లి పనే. పళ్ళు తిని గింజల్ని అలాగే వదిలేస్తుంది. ఇండోనేషియాలో కాఫీ పళ్ళు తిన్న మానుపిల్లి రెట్టలోంచి గింజలు ఏరి, కడిగి, వేయించి 'కోపీ లువాక్' అని మహా ఖరీదుకి అమ్ముతారు. దానికోసం వాటిని బోనుల్లో పెట్టి పెంచడం కూడా మొదలుపెట్టారు. ఆ పెంపకం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి.

చూరు అన్నాను కాబట్టి నేను చేసిన ఒక వెధవ పని చెబుతాను. మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. పాత ఇంట్లో ఉన్నప్పుడు పైకప్పుకీ సీలింగుకీ మధ్య రాత్రిళ్ళు ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు. ఒక సాయంత్రం చూరు సందులోంచి మానుపిల్లి బయటికి రావడం కళ్ళారా చూశాను. ఇదే అదను అనుకుని నిచ్చెన వేసుకుని, ఆ సందుకి ఇనుప జాలీ పెట్టి మేకులు కొట్టేశాను. హాయిగా పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక బయట చూరు మీద గోళ్ళతో గీకుతున్న చప్పుడు, దానికి జవాబుగా సీలింగు లోంచి సన్నగా పిలుపులు. తల్లి బయట, పిల్లలు లోపల! మీ పెద్దమ్మ లేచి కూర్చుని నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. తెల్లారాక చూస్తే జాలీ ఒక అంచు వంగిపోయి ఉంది, దాని మీద రక్తం చారలు. మేకులన్నీ ఊడబీకాను. ఆ రాత్రి దీపాలార్పి కిటికీ పక్కన కూర్చున్నాం. పిల్లని నోట కరుచుకుని గోడ వెంట వెళ్ళి, మళ్ళీ వచ్చి ఇంకోదాన్ని, ఇలా మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి కూడా లోపలికి వెళ్ళి, ఏమీ లేకుండా బయటికి వచ్చింది. లెక్క సరిచూసుకుందేమో.

అప్పటి నుంచి ఏ సందూ వెంటనే మూయను. పాత న్యూస్‌పేపర్ నలిపి వదులుగా కుక్కుతాను. లోపల ఏదైనా ఉంటే ఆ రాత్రే తోసేస్తుంది. వరసగా మూడు రాత్రులు కాగితం కదలకపోతే, లోపల అలికిడి కూడా లేకపోతే, అప్పుడు జాలీ. పిల్లలున్నాయని అనుమానం వస్తే నెలా రెండు నెలలు ఓపిక పట్టాల్సిందే. గబ్బిలాలకైతే ఇంకా జాగ్రత్త, వాటి పిల్లలు కొన్ని వారాల దాకా ఎగరలేవు. ఆ సమయంలో మూస్తే గోడలోనే చచ్చిపోతాయి.

పాము సంగతి వేరు. అక్కడ ఓపికతో పాటు దూరం కూడా కావాలి. కనీసం రెండు మూడు మీటర్లు వెనక్కి వచ్చి, దాని మీద నుంచి చూపు తిప్పకుండా ఉండు. ఎటు దూరిందో తెలియకపోతే, పాములు పట్టేవాళ్ళు వచ్చినా ఇల్లంతా వెతకాలి. ఒకరు చూస్తుంటే ఇంకొకరు ఫోన్ చేయాలి. విషం ఉందో లేదో నువ్వు తేల్చబోకు. చంపబోకు, చచ్చినదాన్ని ముట్టుకోకు. తల తెగాక కూడా కొంతసేపు కరవగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పాముకాటుతో ఏటా 81,000 నుంచి 1,38,000 మంది దాకా చనిపోతున్నారు. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, తిన్నగా ఆసుపత్రికి. సినిమాలో హీరో ఏం చేశాడో అల్లుడు చెప్పబోతే విననే వద్దు.

పగలు నేల మీద పడి ఉన్న గబ్బిలాన్ని ఒట్టి చేత్తో తీయకు. దాని కాటు సూది గుచ్చినంత ఉంటుంది, కరిచిందని కూడా తెలియకపోవచ్చు. ఏ అడవి జంతువు కరిచినా, రక్కినా ఆ చోటు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడుగు. గడియారం చూసుకుంటూ కడుగు, మనకి రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. ఆ వెంటనే రేబిస్ టీకా కోసం వెళ్ళు. ఆ జబ్బు లక్షణాలు పైకి తేలాక బతికించడం దాదాపు అసాధ్యం. రాత్రి తిరిగేది పగలు కనిపించినంత మాత్రాన పిచ్చి పట్టిందనుకోకు, పిల్లలున్న తల్లి పగలు కూడా తిరుగుతుంది. తూలుతూ, మనిషిని చూసి కూడా భయపడకుండా దగ్గరికి వస్తుంటే మాత్రం తలుపు తీయకు.

ముళ్ళపంది వస్తే కుక్కని కట్టెయ్యి. ముళ్ళు బాణాల్లా విసురుతుందనేది ఉత్తమాట, కానీ వెనక్కి నడుచుకుంటూ వచ్చి గుచ్చేస్తుంది. ఉడుము వస్తే తోక ఆడే మేర దూరంగా ఉండు, దాని దారిన అదే పోతుంది.

ఒంటినిండా పొలుసులుండే అలుగు వస్తే మాత్రం నీ అదృష్టం. అడవి పక్కన పుట్టి పెరిగినవాళ్ళు కూడా చాలామంది చూసి ఉండరు. పళ్ళే లేని జంతువు, చీమలూ చెదపురుగులూ నాలుకతో నాకి తింటుంది. భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. ఆ పొలుసులు మన గోళ్ళలో ఉండే పదార్థమే, అయినా వాటికోసం దొంగచాటుగా చంపుతూనే ఉన్నారు. అలుగుల్లో ఉన్న ఎనిమిది జాతుల్నీ దేశాల మధ్య అమ్మడం కొనడం ఆపాలని 2016లో తీర్మానించారు. కాబట్టి ఫోటో తీసి ఇంటి అడ్రసు తెలిసేలా గ్రూపుల్లో పెట్టకు. అటవీ శాఖకి చెప్పు, వాళ్ళు వచ్చేదాకా దాన్ని అలా చుట్టుకునే ఉండనివ్వు. విప్పి చూద్దామన్న సరదా వద్దు.

అసలు ఎక్కడిదో తెలియని జంతువు కనిపిస్తే ఎవరి ఇంట్లోంచో తప్పించుకున్నదో, వదిలేసినదో కావచ్చు. పాపం అని దగ్గర్లో చెరువులో వదలకు. చెవి దగ్గర ఎర్ర గీత ఉండే అమెరికా తాబేలు అలాగే ప్రపంచమంతా పాకింది. చచ్చిందనుకున్నది కూడా చచ్చి ఉండకపోవచ్చు. ఫ్లోరిడాలో చలి ఐదారు డిగ్రీలకి పడిపోతే చెట్ల మీది ఇగ్వానాలు, అంటే తొండల్లాంటి పెద్ద బల్లులు, కొయ్యబారి టపటపా రాలిపడతాయి. పోయిందనుకుని కారులో వేసుకుంటే, వెచ్చబడగానే లేచి పరుగులు పెడుతుంది.

ఇరుక్కున్నవాటి విషయంలో నువ్వు నిజంగా పనికొస్తావు. మీ నీళ్ళ తొట్టిలో ఒక గరుకు చెక్క ఏటవాలుగా పెట్టి ఉంచు. పడినది కప్పయినా, ఉడుతయినా ఎక్కి వచ్చేస్తుంది. వలలో చిక్కిన పక్షి మీద ముందు ఒక గుడ్డ కప్పు, చీకటైతే కొట్టుకోవడం ఆపుతుంది. గూట్లోంచి పడిన పిల్లకి ఇంకా ఈకలు రాకపోతే తిరిగి గూట్లో పెట్టు, మనిషి వాసనకి తల్లి వదిలేస్తుందనేది నిజం కాదు. ఈకలు వచ్చి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, కుక్కనీ పిల్లినీ దూరంగా ఉంచితే చాలు.

ఇక మీ ఇంటి విషయం. వీడియోలో మూల ఒక గిన్నె కనిపించింది, కుక్కకి పెట్టిన తిండి రాత్రంతా బయటే ఉంటోందా? చెట్టు కింద రాలిన పళ్ళు రెండు రోజులుగా ఊడ్చినట్టు లేవు. మానుపిల్లిని మీరే పిలిచారు మరి. రెండూ చీకటి పడకముందే తీసెయ్. ఎలుకల మందు మాత్రం పెట్టకు. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, తడబడుతూ తిరుగుతుంది, దాన్ని తిన్న గుడ్లగూబ కూడా పోతుంది. ఎలుకల్ని పట్టడానికి మనకంటే దానికే బాగా తెలుసు.

ఈ రాత్రికి పిండి చల్లి, రేపు పొద్దున ఫోటో పంపు. అగ్గిపెట్టె పక్కన పెట్టడం మర్చిపోకు. అల్లుడికి చెప్పు, ఆ కర్ర లోపల పెట్టి, న్యూస్‌పేపర్ తీసుకుని నిచ్చెన ఎక్కమని.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న