నాని ఐక్యూ రిపోర్టు చదివాక

కర్నూలు

చి.సౌ. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మీ, నువ్వు టెక్సాస్ నుంచి పంపిన నీ కొడుకు నాని ఐక్యూ రిపోర్టు ప్రింటు తీయించుకుని తీరిగ్గా చదివాను. నాకంటే ముందే ఆ 119 సంగతి మీ నాయన చెవిన వేశావు. ఆయన సి.క్యాంపు రైతుబజారులో టమాటాలు ఏరుకుంటూ కూడా అదే మాట్లాడుతున్నాడు. "130 వస్తే బాగా తెలివైన పిల్లల గిఫ్టెడ్ క్లాసులో వేసుకుంటారంట, మావోడికి 11 తగ్గినాయి" అని. వింటున్నాయన "నూటికి 119 ఎట్లా వస్తాయి సార్?" అని అడిగితే జవాబు తోచక నాకు ఫోన్ చేశాడు. నవ్వొచ్చింది గానీ, నీ మెసేజ్ చూస్తే నువ్వూ దాన్ని మార్కుల్లాగే చూస్తున్నావు.

బీఈడీ కాలేజీలో సైకాలజీ చెప్పినన్నాళ్లూ టీచర్లకు మొదట చెప్పిందే నీకూ చెబుతా. ఐక్యూ అంటే ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాడని కాదు, తన ఈడు పిల్లల వరుసలో ఎక్కడ నిలిచాడని. నడిమధ్య 100 వచ్చేట్టు ముందే లెక్క కట్టి పెడతారు. 115 అంటే నూరుమందిలో సుమారు 84 మందిని దాటినట్టు, 130 అంటే 98 మందిని. మనోడి 119 దాదాపు 90 మందిని దాటింది. ఆ 119 పక్కనే చిన్న అక్షరాల్లో 113–124 అని ఉంది చూడు, అది కూడా స్కోరే. పిల్లవాడు ఆ పూట సరిగా తిన్నాడా, నిద్ర చాలిందా, ఎదురుగా కూర్చున్న మనిషి నచ్చిందా అన్నదాన్ని బట్టి అంకె అటూ ఇటూ కదులుతుంది. అందుకే నిఖార్సయిన సైకాలజిస్టు ఎప్పుడూ ఒక్క అంకె ఇచ్చి ఊరుకోడు.

ఇప్పుడు అసలు పేజీకి రా. నానికి పెట్టింది పిల్లల తెలివిని చూసే వెక్స్‌లర్ పరీక్ష ఐదో కూర్పు, 2014లో వచ్చింది. దాంట్లో ఐదు విభాగాలుంటాయి. మాటలతో ఆలోచించడంలో 111. ఆకారాలు, బొమ్మలు పోల్చుకోవడంలో 129. కొత్త చిక్కుముడి విప్పడంలో 128. విన్నది, చూసింది కాసేపు తలలో నిలుపుకోవడంలో 110. చకచకా చేసే వేగంలో 95. పైనదానికీ కిందదానికీ 34 పాయింట్ల తేడా. ఇంత ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు అన్నీ కలిపి తీసిన 119 వీడి గురించి చెప్పేది తక్కువ. అది అబద్ధమని కాదు, వీడిలో ఉన్న రెండు కొసలూ ఆ అంకెలో కలిసిపోయి కనబడకుండా పోతాయి. నువ్వు స్కూలువాళ్లతో మాట్లాడాల్సింది ఈ ఐదింటి గురించి.

ఆ 95 చూసి "మావాడు స్లోనా పెద్దమ్మా" అని రాశావు. సైకాలజిస్టు రాసిన పరిశీలనల పేజీ చదవకుండా దాటేసినట్టున్నావు. నా లెక్కలో రిపోర్టు మొత్తంలో అన్నిటికంటే విలువైన పేజీ అదే. కోడింగ్ అనే పని ఎట్లా ఉంటుందంటే, పైన ఒక్కో అంకెకు ఒక్కో గుర్తు ఇచ్చి ఉంటుంది, కింద వరుసగా అంకెలుంటాయి. ఆ గుర్తులు చూసి పెన్సిలుతో గబగబా వేసుకుంటూ పోవాలి. టైము 120 సెకన్లు. సగటు పిల్లవాడికి 10 వచ్చే చోట నానికి 8 వచ్చింది. ఎందుకో ఆమె రాసింది: తప్పు వేయలేదు, కానీ గుర్తు కాస్త వంకరగా వస్తే తుడిచి మళ్లీ దిద్దాడు, గడి దాటకుండా జాగ్రత్తపడ్డాడు. ఎక్కడ నేర్చాడో మనకు తెలియదా? ఆరేళ్లొచ్చేదాకా ఇక్కడే పెరిగాడు. నాలుగు గీతల కాపీ పుస్తకం ముందు పెట్టి, అక్షరాలు ముత్యాల్లా రాకపోతే మీ అమ్మ పేజీ చించి మళ్లీ రాయించేది. ఆ రాత ముచ్చట చూసి ఇక్కడ స్కూల్లో వాడికి చప్పట్లు కొట్టారు. అదే రాత అక్కడ గడియారం ముందు వాడిని వెనక్కి లాగింది. పెన్సిలు పట్టే పని లేని చోట వాడి వేగం ఎట్లుందో క్లాసు టీచర్ని అడుగు. నోటితో గబగబా చెప్పేసి, రాయమంటే గంట తీసుకుంటున్నాడంటే సమస్య చేతిలో ఉంది, బుర్రలో కాదు. కంటి పరీక్ష కూడా ఒకసారి చేయించు, దూరపుదీ దగ్గరదీ రెండూ.

మాటల విభాగం 111 కూడా అట్లాంటిదే. రెండు వస్తువులు ఏ విధంగా ఒకటి అని అడుగుతారు. వంకాయ, బెండకాయ అనుకో. "రెండూ తింటాం" అంటే ఒక రకం మార్కు, "రెండూ కూరగాయలు" అంటే ఇంకాస్త ఎక్కువ. వీడికి ఆ ఆలోచన తట్టినా ఇంగ్లిషులో ఆ పదం నోటికి అందాలి కదా. ఇంట్లో అవ్వతో తెలుగు, బడిలో ఇంగ్లిషు, అక్కడికెళ్లి రెండేళ్లే. ఈ లెక్కన వాడి 111 తక్కువేం కాదని నా అభిప్రాయం. ఇంట్లో రెండో భాష ఉందన్న సంగతి దరఖాస్తులో తప్పకుండా రాయి. టెక్సాస్ రాష్ట్ర ప్రణాళికలోనే ఉంది, పిల్లవాడికి అర్థమయ్యే భాషలోనో, మాటలతో పనిలేని పరీక్షతోనో చూడాలని. తెలుగు మాట్లాడటం మాత్రం ఆపకు. ఇంగ్లిషు ఎట్లాగూ వస్తుంది, అది రాకుండా ఎవరూ ఆపలేరు.

ఇంకో పని ఉంది. సైకాలజిస్టుకు మెయిల్ పెట్టి, జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ లెక్కకట్టి ఇవ్వమని అడుగు. జ్ఞాపకం, వేగం పక్కనపెట్టి ఆలోచనకు సంబంధించిన వాటితోనే తీసే అంకె అది. మళ్లీ పరీక్ష అక్కర్లేదు, ఉన్న స్కోర్ల నుంచే వస్తుంది. మనోడికి 119 కంటే పెరుగుతుంది. 130 దాటుతుందని మాత్రం ఆశ పెట్టుకోకు, నాకైతే అట్లా అనిపించడం లేదు.

మీ ఆడపడుచు కొడుక్కి హైదరాబాదులో 142 వచ్చిందని, మనోడు వాడికంటే చురుకైనవాడు కదా అని రాశావు. ఆ పిల్లవాడికి పెట్టింది బినె-కామత్. ఇక్కడ ఇప్పటికీ వాడుతున్నారు. మానసిక వయసును అసలు వయసుతో భాగించి నూరుతో గుణించే పాత పద్ధతి అది, దాని ప్రమాణాలూ, అంటే పోల్చి చూసే పిల్లల స్కోర్లూ, పాతవే. ప్రమాణాలు పాతబడేకొద్దీ స్కోర్లు ఉబ్బుతాయి. అమెరికా స్కోర్లు పదేళ్లకు సుమారు 3 పాయింట్లు పెరుగుతూ వచ్చాయని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1984లోనే చూపించాడు. శేరుతో కొలిచిందాన్నీ కిలోతో తూచిందాన్నీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ అంటే ఏం చెప్పేది? ఆ సంగతి ఎత్తకు, వాళ్లతోనూ ఎత్తకు.

ఇక స్కూలు సంగతి. బయట చేయించిన రిపోర్టు మీ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే అక్కడి బడులన్నీ నడిపే సంస్థ, తీసుకుంటుందా, తీసుకుంటే ఎంతవరకు లెక్కలోకి వస్తుంది అన్నది ముందు కనుక్కో. చాలా చోట్ల వాళ్లే క్లాసులో కాగ్‌ఏటీ అని ఇంకో పరీక్ష పెడతారు. అది గుంపుగా రాసేది, దాని కొలబద్ద కూడా కాస్త వేరు, 100 నుంచి ఒక్కో మెట్టు 15 పాయింట్లకు బదులు 16 చొప్పున నడుస్తుంది. కాబట్టి దాంట్లో 130కీ, దీంట్లో 130కీ తేడా ఉంటుంది. టెక్సాస్‌లో ఒక్క అంకె చూసి తేల్చకూడదు. టీచరు అభిప్రాయం, పిల్లవాడు చేసిన పనులు కూడా చూడాలి. వాడు అట్టముక్కలతో కట్టిన ఆ వంతెన ఫొటోలు, లెక్కలకు వాడు సొంతంగా కనిపెట్టిన అడ్డదారులు, అవన్నీ తేదీలు వేసి ఒక ఫోల్డర్‌లో పెట్టు. కాదంటే అప్పీలుకు దారి ఉంటుంది, గడువు చిన్నది కాబట్టి ఆ తేదీ ముందే అడిగి పెట్టుకో. లెక్కలకు మాత్రమే పై క్లాసులో కూర్చోబెట్టే వీలుందేమో కూడా అడుగు. నన్నడిగితే వీడికి సరిపోయేది అదే.

130 గీత ఎట్లా పుట్టిందని తల పట్టుకోకు. మన బనవాసి నవోదయనే చూడు. ఆరో తరగతికి 80 సీట్లు, పరీక్షలో 80 ప్రశ్నలు, వాటిలో సగం తెలివిని చూసేవి. 80వ సీటు నిండిన తర్వాత మిగిలిన పిల్లవాడికి తెలివి ఆ రోజే ఆగిపోలేదు, సీట్లు ఆగిపోయాయి. మీ డిస్ట్రిక్ట్ గీతా అట్లాంటిదే, అక్కడ టీచర్లెందరు, గదులెన్ని అన్న లెక్క అందులో ఉంటుంది. అందుకే గీత ఎంత అని కాకుండా, ఆ క్లాసులో ఏం చేయిస్తారు అని అడుగు. ఇంకో గంట హోంవర్క్ ఎక్కువ ఇవ్వడమే గిఫ్టెడ్ ప్రోగ్రామ్ అయితే, చేతిరాత కాడ అలిసిపోయే మన పిల్లవాడికి అది శిక్షే అవుతుంది. చెప్పే టీచరు గిఫ్టెడ్ పిల్లల కోసం 30 గంటల శిక్షణ తీసుకున్నారా అనీ అడగొచ్చు, టెక్సాస్‌లో అది నిబంధనే. మొహమాటపడకు.

మళ్లీ పరీక్ష చేయిద్దామని మీ ఆయన అన్నాడంట. ఏడాది తిరగకుండా అదే పరీక్ష వద్దు. ప్రశ్నలు గుర్తుంటాయి కాబట్టి స్కోరు ఉత్తుత్తిగానే పెరుగుతుంది. ప్రశ్నలు ముందే నేర్పిస్తామనే కోచింగ్‌లున్నాయని విన్నాను. వాటి గడప తొక్కకు. అట్లా వచ్చిన అంకెతో వాడిని ఆ క్లాసులో కూర్చోబెట్టాక రోజూ అవస్థ పడేది వాడే.

ఈ అంకె నాని ముందు ఎత్తకండి. "బొమ్మలు, లెక్కలు నీకు భలే పట్టుబడతాయంట, రాసేటప్పుడు కాస్త కంగారు తగ్గిద్దాం" అని చెబితే చాలు, అడిగితేనే. మీ నాయనకు నేను చెబుతా. రైతుబజారులో ఆయన నోరు మూయించడం నా వల్ల అవుతుందో లేదో చూడాలి.

ఒక్కో విభాగంలోని చిన్న చిన్న పరీక్షల స్కోర్లున్న చివరి పేజీ ఫొటోలో మసకగా వచ్చింది, వాటిలో ఫిగర్ వెయిట్స్ అనేదాని పక్కనున్నది 13నో 15నో తెలియడం లేదు. పగటి వెలుతురులో మళ్లీ తీసి పంపు. గిఫ్టెడ్ క్లాసుల సంగతి చూసే కోఆర్డినేటర్‌కు నువ్వు రాసే మెయిల్ కూడా పంపే ముందు నాకు చూపించు.

ఇట్లు
పెద్దమ్మ