ఓడుతున్న కబడ్డీ జట్టుకు కోచ్‌గా ఉన్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, నిన్న ఫోన్లో ఏడు మ్యాచ్‌ల్లో ఆరు పోయాయన్నావు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నావు, పొద్దున్నే గ్రౌండుకి వెళ్లాలంటే కాళ్లు రావడం లేదన్నావు. చివర్లో, పెట్టేసే ముందు, రేపటి నుంచి జట్టంతా మార్చేస్తానన్నావు. మిగతావన్నీ విని ఊరుకునేవాణ్ణే గానీ, ఆ చివరి మాటకి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఓడుతున్న కోచ్‌కి ముందుగా వచ్చే ఆలోచన అదే. ఎడమ చివర నిలబడే లెఫ్ట్ కార్నర్‌ని లోపలివైపు నిలబడే కవర్‌లోకి, కవర్‌ని బెంచీ మీదకి, కూతకి వెళ్లే మెయిన్ రైడర్‌ని రెండో రైడర్‌గా. మార్చిన రోజు రాత్రి నీకు కాస్త నిద్ర పడుతుంది, ఏదో ఒకటి చేశానన్న తృప్తి కొద్దీ. తెల్లారి కోర్టులోకి దిగేది మాత్రం ఎక్కడ నిలబడాలో తెలియని ఏడుగురు పిల్లలు. అందుకని ఏ మార్పు చేయబోయినా ఒక్కడివే కూర్చుని అడుక్కో: ఇది జట్టుకి కావాలా, నా గుండె బరువు దించుకోవడానికి కావాలా? రెండోదని అనిపిస్తే వారం ఆగు. వారం తర్వాత కూడా అవసరమే అనిపిస్తే అప్పుడు చెయ్యి.

మన హైదరాబాద్ రహీం సాబ్ గురించి నీకు తెలుసు కదా, భారత ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. మొదట్లో ఆయనా బడిపంతులే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడింది. కోచ్ ఆయనే. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1960లో రోమ్‌లో మళ్లీ ఒక్క గెలుపూ లేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. అప్పటికే ఆయనకి క్యాన్సర్. ఆ టోర్నీ ఫైనల్లో అదే కొరియాని 2-1తో కొట్టి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడే ఆయన పోయారు.

ఇందులో నువ్వు పట్టుకోవాల్సింది ఒకటుంది. రహీం సాబ్ కూడా మార్పు చేశాడు. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని సెమీఫైనల్లో, ఫైనల్లో ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. రెండింట్లోనూ అతను గోల్ కొట్టాడు. కొరియా చేతిలో ఓడామన్న కోపంతో చేసిన మార్పు కాదది. గాయం వచ్చింది, ఆ మనిషికి ఏ పని అప్పజెప్పవచ్చో కోచ్‌కి తెలుసు, అందుకని చేశాడు. నీ పిల్లల్లో ఒక్కొక్కరికి ఏ పని చేతనవునో నీకు తెలుసా? తెలిస్తే మార్చు, నేనేమీ అనను.

కబడ్డీలో చెప్పాలంటే, ప్రో కబడ్డీ లీగ్‌లో ఆడే తెలుగు టైటాన్స్‌ని చూడు. 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లకి గెలిచింది ఒక్కటి. తర్వాతి సీజన్‌లో రెండు. ఆ తర్వాతి సీజన్‌లోనూ రెండే, అదీ పవన్ సెహ్రావత్ అంతటి రైడర్ కెప్టెన్‌గా ఉండగా. 2024లో 12 గెలిచారు. డబ్బుకి, వసతికి లోటు లేని జట్టుకే అంత కాలం పట్టింది. కాలేజీ మ్యాట్ మీద, హాస్టల్ అన్నం తిని ఆడే పిల్లలకి ఈ ఒక్క సీజన్‌తోనే తీర్పు చెప్పకు. నీ మీద కూడా చెప్పుకోకు.

ఇక రేపు ఏం చెయ్యాలో చెప్తాను. ఓడుతున్న జట్టుని స్కోరుబోర్డులో చూడకు, చేతుల్లో చూడు. రైడర్ ఇవతలికి అడుగుపెట్టగానే కార్నర్, పక్కన ఉన్న పిల్ల చేతులు పట్టుకుని చైన్ కడతారు కదా. గెలిచే జట్టులో ఆ పట్టు రైడర్ కోర్టు లోపలున్న బోనస్ లైన్ దాకా వచ్చినా వదలరు. ఓడుతున్న జట్టులో కార్నర్ పిల్ల ముందే చెయ్యి విడిపించుకుని ఒంటరిగా రైడర్ చీలమండ మీద దూకుతుంది. పక్కపిల్ల మీద నమ్మకం పోయి, పాయింటు తనే తేవాలని తాపత్రయపడుతుంది. ఒక నోటుపుస్తకం పెట్టుకో. ఎన్నిసార్లు చెయ్యి వదిలారు, ఎన్నిసార్లు ఇద్దరు కలిసి పట్టారు, ఈ రెండే రాయి. సీజన్ మొత్తం ఓడినా ఈ రెండో అంకె పెరుగుతూ ఉంటే నీ పని జరుగుతున్నట్టే. రాత్రిళ్లు నీ మనసుకి పట్టుకోవడానికి అదొక ఆధారం.

మ్యాచ్ అయిన వెంటనే ఆట గురించి నోరెత్తకు. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు తిన్నారు, బస్సు ఎప్పుడు, అంతే. వీడియో మర్నాడు సాయంత్రం చూపించు, మూడు ముక్కలే, అందులో ఒకటి బాగా ఆడినది ఉండాలి. పిల్లలు నీ మాటల కంటే నీ మొహం ముందు చదువుతారు. ముగ్గురో అంతకంటే తక్కువమందో మిగిలి రైడర్‌ని పట్టేసినప్పుడు, అదే సూపర్ టాకిల్ పడినప్పుడు, నువ్వు లేచి చప్పట్లు కొట్టడం మానేశావని నాకు అనుమానం. మళ్లీ మొదలుపెట్టు, పదిహేను పాయింట్ల వెనకలో ఉన్నా సరే.

ప్రిన్సిపాల్‌గారు అడిగితే సాకులు చెప్పొద్దు, నోటుపుస్తకం చూపించు. తల్లిదండ్రుల ఫోన్లకి రాత్రి తొమ్మిది తర్వాత జవాబివ్వకు.

ఇంకొకటి, ఇది నిన్ను కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట. ఇంట్లో నీ ఆవిడతో ఆట గురించి ఒక్క ముక్క చెప్పకుండా మౌనంగా తిరుగుతున్నావట, తనే చెప్పింది. ఆమెకి రూల్సు తెలియక్కర్లేదు, నీకు బాగోలేదని తెలిస్తే చాలు. వేరే జిల్లాలో నీతోపాటు ఆడి ఇప్పుడు కోచ్ అయినవాడు ఎవరైనా ఉంటే వారానికోసారి వాడికి ఫోన్ చెయ్యి. నీ జట్టు గెలుపోటములతో సంబంధం లేనివాడైతేనే మనసు విప్పగలవు. ఈ నిద్రలేమి ఇంకా ఇలాగే సాగినా, అన్నం సహించకపోయినా, బతుకు మీదే విసుగు పుట్టినా డాక్టరు దగ్గరికి వెళ్లు. ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మోకాలు వాస్తే ఫిజియో దగ్గరికి పంపేవాడివి, ఇందులో సిగ్గుపడకు.

శనివారం మ్యాచ్‌కి నేను రాలేను, ఎండకి ప్రయాణం పడటం లేదు. నువ్వు మాత్రం పాత జట్టునే దించు. ఆ రైట్ కార్నర్ అమ్మాయి మోకాలు నొప్పంటోందన్నావు కదా, మ్యాచ్‌కి ముందే చూపించు, సీజన్ అయ్యేదాకా ఆగకు.

ఉంటాను.
మాష్టారు