రెండో కాన్పుకు ముందు వచ్చే డిసెంబరు సెలవులు

చి. ల. సౌ. బిడ్డకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

పాప చదివే మిషన్ బడికి క్రిస్మస్‌కు వారం రోజులు సెలవులు ఇస్తున్నారని, హైదరాబాద్ నుంచి కారులో బయలుదేరి వేములవాడ, మేడారం, లక్నవరం అన్నీ చూసుకొని హనుమకొండకు రావాలని అనుకుంటున్నామని, ఆరో నెలలో ఇంత తిరుగుడు పనికివస్తుందా అని అడిగావు. ప్రయాణం చేయవచ్చు గాని, ఇంత ప్రయాణం మాత్రం వద్దు. ప్రసూతి వార్డులో నర్సుగా ఉద్యోగజీవితమంతా గడిపినదాన్ని, ఇద్దరు బిడ్డలను కని పెంచినదాన్ని కనుక గట్టిగానే చెబుతున్నాను: ఈ సెలవులు మీ పెద్దబిడ్డవి. ఏప్రిల్‌లో నీవు నీళ్లాడిన తరువాత, ఆమె ఒక్కతే మీ ఇద్దరి నడుమ ఉండే సెలవులు మళ్లీ రావు. ఏ ఊరు చూడాలన్నది తరువాత ఆలోచించుకోవచ్చు. ముందుగా నీ కొంగు పట్టుకొని తిరిగే పిల్లను తండ్రి చేతికి అలవాటు చేయడానికి ఈ వారాన్ని వాడుకోండి.

వాంతులు తగ్గి, కడుపు ఇంకా బరువెక్కని నాలుగు, అయిదు, ఆరు నెలలే గర్భిణి ప్రయాణానికి అనువైనవి. అయినా మూడు గంటలు కారులో కదలకుండా కూర్చోవడం కంటే, లేచి నాలుగడుగులు వేయడానికీ మరుగుదొడ్డికి వెళ్లడానికీ వీలున్న రైలే మేలు. సికింద్రాబాద్‌లో ఎక్కితే భువనగిరి, జనగామ దాటి కాజీపేటలో దిగవచ్చు. దారిలో మరుగుదొడ్డికి భయపడి నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లను చాలామందిని చూశాను. మూత్రంలో మంట రావడం అక్కడి నుంచే మొదలవుతుంది, కనుక సీసా దగ్గర పెట్టుకొని తాగుతూ ఉండు. ఇక్కడికి వచ్చాక కారు ఎక్కినప్పుడు సీటు బెల్టు కింది పట్టీ కడుపు మీదుగా పోకుండా కడుపు కిందుగా, తొడల మొదట్లో ఉండాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి కడుపు పక్కగా దిగాలి. 24 నుంచి 28 వారాల మధ్య చేసే షుగర్ పరీక్ష ఈ సెలవుల్లోనే పడేటట్టుంది, బయలుదేరే ముందే మీ డాక్టరమ్మను అడిగి దాని తేదీ ఖాయం చేసుకో. ఐరన్ మాత్రను, కాల్షియం మాత్రను ఒకే పూట మింగవద్దు, ఐరన్ మాత్రను టీతో అసలే వేసుకోవద్దు. చుట్టాలింట్లో ఈ క్రమం తప్పడం సహజం, అందుకే ఆ బాధ్యత అల్లుడికి అప్పగించు.

వేములవాడ మొక్కు సంగతి మీ అత్తగారితో నేను మాట్లాడుతాను. రాజన్న దర్శనానికి సెలవు రోజుల్లో క్యూలో గంటల తరబడి నిలబడవలసి వస్తుంది, సోమవారమైతే చెప్పనవసరమే లేదు. పుట్టబోయే బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి ఎలాగూ అక్కడికే వెళ్తారు కనుక, గుడిలో కోడెను కట్టే మొక్కు కూడా అప్పుడే చెల్లిస్తామని మనసులో దండం పెట్టుకొమ్మని ఆమెకు చెబుతాను. ఆలస్యమైందని రాజన్న కోపగించుకోడు. మేడారం కూడా అంతే. జాతర వచ్చే సంవత్సరమైతే రద్దీకి భయపడి డిసెంబరు నుంచే జనం బండ్లు కట్టుకొని వస్తారు, ఆ దుమ్ములో ఆ తోపులాటలో నీకు పని లేదు. సమ్మక్క సారలమ్మ తల్లులకు ఎత్తు బంగారం, అంటే మనిషి ఎత్తు బెల్లం, ఇవ్వాలని ఉంటే వచ్చే ఏళ్లలో పిల్లలిద్దరినీ తీసుకొని రండి.

ఒక్క రోజు బయటికి వెళ్లాలనుకుంటే రామప్పకు వెళ్దాం. హనుమకొండ నుంచి ములుగు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది. క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన తరువాత సెలవుల్లో జనం పెరిగారు గాని, వారం మధ్యలో వెళ్తే ఇప్పటికీ తీరికగా చూడవచ్చు. పొద్దున్నే వెళ్లవద్దు, డిసెంబరులో ఆ రాతి మీద చెప్పులు లేని కాళ్లు జివ్వుమంటాయి. పది దాటి ఎండ తగిలాక పాపను తండ్రితో పంపి, గుడి చుట్టూ కింది వరుసలో చెక్కిన ఏనుగులను లెక్కపెట్టమను. లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది, దానికి అంతకంటే ఆట అక్కరలేదు. వాళ్లు తిరిగి వచ్చేదాకా నీవు నంది దగ్గర కూర్చో. లక్నవరం వేలాడే వంతెన నడుస్తుంటే ఊగుతుంది, ఆరో నెలలో ఆ ఊగుడు మీద నిన్ను నడిపించడం నాకు ఇష్టం లేదు. బొగత జలపాతం మాట ఎత్తవద్దు, దూరం చాలా ఎక్కువ, పైగా డిసెంబరుకు నీటి ఉరవడి తగ్గిపోతుంది.

మిగిలిన రోజులన్నీ ఇంట్లోనే. తల్లి పక్కన పడుకునే పిల్లను, పురిటి బిడ్డ ఇంటికి వచ్చిన వారంలోనే తండ్రి పక్కకు మార్చితే, తన జాగా ఆ బిడ్డే లాక్కుందని అనుకుంటుంది. అదే మార్పు ఇప్పుడే జరిగితే ఏప్రిల్ నాటికి అది పాత అలవాటవుతుంది. అందుకని ఇక్కడికి వచ్చిన మొదటి రాత్రి నుంచే పాప తండ్రి పక్కన పడుకోవాలి. ఒకటి రెండు రాత్రులు ఏడుస్తుంది; నీవు లేచి వెళ్లకు, ఆయననే ఓదార్చనివ్వు. స్నానం, అన్నం తినిపించడం, జడలు వేయడం ఆ వారమంతా ఆయనవే. పాపిడి వంకర పోతుంది, ఒక జడ పైకీ ఒకటి కిందికీ వస్తుంది. నీవు దువ్వెన తీసుకొని సరిచేయవద్దు. సరిచేస్తే నాన్న చేసింది చెల్లదని పిల్లకు ఆ క్షణమే తెలిసిపోతుంది, ఆ తరువాత ఆయన ఏం చేయబోయినా అమ్మే కావాలంటుంది. నీకు మొదటి కాన్పు ఆపరేషన్ అయింది కనుక రెండోసారీ అదే అయితే కొన్ని వారాల పాటు పెద్దపిల్లను ఎత్తుకోలేవు. ఎత్తుకొమ్మని చేతులు చాచినప్పుడు కింద కూర్చొని ఒడిలోకి పిలవడం ఇప్పటి నుంచే మొదలుపెట్టు.

చుట్టపక్కాల నోటి నుంచి పిల్లను కాపాడవలసిన పని కూడా ఉంది. "చిన్నబిడ్డ వస్తే అమ్మ దగ్గర నీకు జాగా ఉండదే" అని ముద్దుగానే అంటారు, నాలుగేళ్ల పిల్ల మాత్రం దాన్ని నిజమనే నమ్ముతుంది. ఎవరన్నా సరే, అక్కడికక్కడే "అమ్మ ఒడిలో ఇద్దరికీ జాగా ఉంది" అని పాపకు వినబడేటట్టు చెప్పండి. ఇక "అమ్మ కడుపులో తమ్ముడా, చెల్లెనా" అని చిన్నపిల్లల నోటితో చెప్పించుకొనే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. తమ్ముడని అందరి ముందూ చెప్పి, చెల్లె పుట్టిందని తెలియగానే తానే తప్పు చేసినట్టు వార్డు గుమ్మం దగ్గర వెక్కివెక్కి ఏడ్చిన పిల్లను నేను చూశాను. పుట్టబోయేది ఎవరో ముందుగా చెప్పడాన్ని 1994 నాటి చట్టం నేరమంటున్నది; అటువంటి ప్రశ్నను పసిపిల్ల నెత్తిన పెట్టడం నాకు ఏనాడూ నచ్చలేదు. మన ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగకుండా నేను చూసుకుంటాను.

పాప పుట్టినప్పుడు మీ అమ్మమ్మ పాత నేత చీరలతో కుట్టిన బొంతలు నా పెట్టెలో భద్రంగా ఉన్నాయి. పుట్టకముందే కొత్త బట్టలు కొనకూడదని మీ అత్తగారు పట్టుబడితే కొనవద్దు, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు బట్టే పసిబిడ్డ ఒంటికి హాయి. వాటిని పాపతో కలిసి డాబా మీద ఎండకు వేద్దాం. "ఇది నీదే, చిన్నబిడ్డకు ఇస్తావా" అని అడుగు. ఇవ్వనంటే ఒకటి ఆమెకే ఉంచు, బలవంతపెట్టవద్దు.

కాన్పు రోజుల్లో పాప ఎవరి దగ్గర ఉండాలో కూడా ఈ వారంలోనే నిర్ణయించుకోవాలి. నా దగ్గరే అనుకుంటే, మీరిద్దరూ ఒక రాత్రి మీ అత్తగారింటికి వెళ్లి పాపను నాతో వదలండి. మొదటిసారి తల్లి లేకుండా నిద్రపోవడం ఆసుపత్రి హడావిడిలో కాకుండా ఇప్పుడే జరిగిపోవడం మంచిది.

చలి మాకు ఇక్కడ ఎక్కువే, పాపకు స్వెట్టర్లు తెచ్చుకోండి. వెనుక వాకిట్లో కట్టెల పొయ్యి మీద పచ్చి కందికాయలు ఉడకబెడతాను, నీవు మాత్రం ఆ పొగకు దూరంగా ఇంట్లోనే కూర్చొని తిను. చలిమంట దగ్గరికి కూడా రావద్దు. నెత్తురు కనబడినా, ఉమ్మనీరు పోయినా, తల పగిలేటట్టు నొప్పి లేచి కళ్లు మసకబారినా, మొహమూ చేతులూ వాచినా, జ్వరం వచ్చినా, కుట్టు దగ్గర కడుపు ఆగకుండా నొప్పి పెట్టినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా నన్ను లేపు. అవసరమైతే 108కి ఫోన్ చేద్దాం. తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులు, మొదటి ఆపరేషన్ కాగితాలు పెద్ద పెట్టెలో అడుగున పెట్టకుండా నీ చేతి సంచిలోనే ఉంచుకో.

రైలు టికెట్లు తీసుకున్న తరువాత రైలు పేరు, బోగీ నంబరు నాకు ఫోన్‌లో పంపమని అల్లుడితో చెప్పు. మీ పెదనాన్న బండి తీసుకొని కాజీపేట స్టేషన్‌కు వస్తారు. సామాను ఆయన పట్టుకుంటారు, నీవు ఏదీ మోయవద్దు.

ఇట్లు,
నీ పెద్దమ్మ