నాన్నగారి ఫిజియోథెరపీకి రోజూ తిరుపతి రానక్కర్లేదు

అన్నా, నాన్నగారికి పక్షవాతం వచ్చి రెండు నెలలైంది, పలమనేరు నుంచి రోజూ తిరుపతికి తిప్పలేం, ఆపేద్దామా అని అడిగారు కదా. ఆపొద్దు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువగా కోలుకుంటారు, 72 ఏళ్లకి ఇంకేం నడుస్తారులే అనే చుట్టాల మాట అసలు పట్టించుకోకండి.

డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ తీసుకుని తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగానికి రండి. ఇంట్లో చేయించాల్సిన వ్యాయామాలు ఏవో అడగండి, వాళ్లు చేయిస్తుంటే ఒక మాట అడిగి ఫోన్‌లో వీడియో తీసుకోండి, అమ్మగారి చేత కూడా అక్కడే వాళ్ల ముందే ఒకసారి చేయించండి, ఎందుకంటే రోజూ చేయించేది ఆవిడే. మళ్లీ ఎప్పుడు చూపించాలో వాళ్లే చెబుతారు. మధ్యలో చూడటానికి పలమనేరు ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్ట్ ఉన్నారేమో కనుక్కోండి.

మంచం మీద నుంచి లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగొద్దన్నా, భుజం కీలు జారుతుంది, తర్వాత ఆ నొప్పికే వ్యాయామం చెయ్యనంటారు. నీళ్లు తాగుతుంటే దగ్గు వస్తోందా? అయితే ముందు ఆ సంగతే డాక్టర్‌కి చెప్పండి, అప్పటిదాకా నిటారుగా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా తాగించండి.

ఆర్టీసీ బస్సులో 60 దాటిన వాళ్లకి 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ మర్చిపోకండి.